నూట పన్నెండో పేజీ

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడుతున్నాను. మా పాలేనికి రెండు ఊళ్ళ అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున, రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి ఉంది. దాని గుమ్మం మీద నీలం రంగుతో రెండు వాక్యాలు రాసి ఉంటాయి. ఎవరో పెద్ద దైవజనుడు రాసిన పుస్తకంలోవని అక్కడివాళ్ళు అనుకుంటారు. వాటిని రాసింది నేను. పదిహేడేళ్ళప్పుడు, చూపు సరిగా ఆనని ఒక పెద్దాయనకు పుస్తకం చదివి వినిపిస్తూ, అందులో లేని మాటను ఉన్నట్టుగా చదివాను. ఆయన పేరు సామ్యేలు అయ్యగారు. మా ఊరి పాస్టరు.

పోయిన ఆదివారం ఆ పుస్తకాన్ని ఎండలో పెట్టాను. మా వైపు ఉప్పుగాలికి పుస్తకాలు ఉబ్బుతాయి, అట్టలు మెత్తబడతాయి. అందుకని అయ్యగారు ఏటా ఎండాకాలంలో నులక మంచం మీద పుస్తకాలన్నీ పరిచి, ప్రతి పుస్తకంలోనూ రెండు మూడు వేపరెబ్బలు పెట్టేవారు. నేను పుస్తకం తెరవగానే ఎండిన వేపాకు పొడి ఒళ్ళో రాలింది. చేదుగా, మట్టిగా ఉండే ఆ వాసనకు వెంకటాచలంలోని నా అద్దె గది కాసేపు గదిలా లేదు. అయ్యగారి వరండాలో సిమెంటు గచ్చు మీద కూర్చున్నట్టే ఉంది. లోపల్నుంచి పాస్టరమ్మగారు మామిడికాయ వేసిన చేపల పులుసు దింపుతున్నట్టే ఉంది.

నేను చిన్నప్పుడు నోరు లేని పిల్లని. ఇప్పుడూ పెద్దగా మారలేదు. ఒక బడి ఆఫీసులో పనిచేస్తున్నాను, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అప్పట్లో అయితే సండేస్కూల్లో కంఠస్థ వాక్యం చెప్పమంటే లేచి నిలబడి, చెమటలు కక్కి, మళ్ళీ కూర్చునేదాన్ని. వాక్యం రాక కాదు. నోరు తెరిస్తే అందరూ చూస్తారని. "కుట్టుమిషనమ్మ కూతురికి నాలిక కుట్టేసినారు" అని తోటిపిల్లలు నవ్వేవారు. మా అమ్మ రవికలు కుట్టేది, అందుకని ఆ మాట.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక నేను చర్చి మెట్ల మీద కూర్చుని, శనక్కాయలు తిన్న పొట్లం కాగితాన్ని విప్పి చదువుకుంటున్నాను. ఏదో వారపత్రికలోంచి చింపిన కాగితం. అందులో సగం కథ ఉంది. అయ్యగారు తలుపు తాళం వేసి వస్తూ నా పక్కన ఆగారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు ఉండేది.

"ఏందమ్మా ఎస్తేరూ, ఏముండాది ఆ కాగితంలో?"

నేను గబగబా మడిచేశాను. ఆయన మెట్టు మీద కూర్చున్నారు.

"నేనేమన్నా లాక్కుంటానా? శనక్కాయలైతే అయిపోయినాయి. కథన్నా చెప్పు."

చాలాసేపటికి చెప్పాను. ఒకామె కోడిని అమ్మడానికి సంతకు పోయింది, కొన్నాయన ఆ కోడిని పట్టుకుని మళ్ళీ ఆమె ఇంటికే వచ్చాడు, అక్కడికి కాగితం చిరిగిపోయింది.

"మరి మిగతా సగం?"

"లేదండి."

"లేకపోతే నువ్వు చెప్పు. ఆయన ఎందుకొచ్చినట్టు?"

నాకేమీ తోచలేదు. తోచినా చెప్పి ఉండేదాన్ని కాను. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, "సరేలే, తొందరేముండాది" అని నన్ను ఇంటికి తీసుకెళ్ళి ఒక పుస్తకం చేతిలో పెట్టారు. చదివి తెచ్చేటప్పుడు అందులో నచ్చిన ఒక్క వాక్యం తనకు చెప్పాలన్నది షరతు. నోటితో చెప్పలేక చీటీ మీద రాసిచ్చాను. ఆ చీటీని ఆయన బైబిల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇంకో పుస్తకం, ఇంకో చీటీ. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది అప్పుడే. చీటీలో పట్టని మాటలు అందులో రాసుకునేదాన్ని.

ఆయన ఇంట్లో ముందుగది నిండా పుస్తకాలే. ప్రసంగాలవీ వ్యాఖ్యానాలవీ ఒక గోడకు ఉంటే, రెండో గోడకు కథలు, చరిత్రలు, చేపల గురించి, మొక్కల గురించి, చివరికి సైకిలు బాగుచేసుకునే పుస్తకం కూడా. పాత క్యాలెండరు కాగితాలతో వాటికి అట్టలు వేసేవారు. "లోక సంబంధమైన పుస్తకాలు పాస్టరు ఇంట్లో ఏంది?" అని సంఘంలో ఒకరిద్దరు గొణిగేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి ముఖం మీదే అడిగాడు. "లోకంలో ఉండే మనుషులకు గదా నాయనా నేను చెప్పేది. వాళ్ళేం అనుకుంటా ఉండారో నాకు తెలవద్దా?" అన్నారు అయ్యగారు. ఆ అడిగినాయన వెళ్తూ వెళ్తూ సైకిలు పుస్తకం తీసుకెళ్ళాడు.

మా ఊరికి సోమవారం పండగలా ఉండేది. పాస్టర్లకు ఆదివారమంతా పని, సోమవారం సెలవు. నెలకో సోమవారం చుట్టుపక్కల పాలేల పాస్టర్లు పదిమంది దాకా అయ్యగారి ఇంటికి వచ్చేవారు. చిట్టమూరు వైపు నుంచి మోపెడ్ల మీద, సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలో సైకిలు తోసుకుంటూ. చాలామందివి చిన్న సంఘాలు. వారమంతా రొయ్యల గుంటల కాడ కాపలా పనో, వల మోసే పనో చేసుకుని ఆదివారం ప్రసంగం చెప్పేవాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళకు మంచీ చెడ్డా చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ఊరందరి కష్టం వినేవాడి కష్టం ఎవరు వింటారు? అయ్యగారు వినేవారు.

ఆ కూడికకు మూడు కట్టుబాట్లు ఉండేవి. సంఘంలో ఎంతమంది ఉన్నారన్న మాట సోమవారం ఎత్తకూడదు. నెలలో చదివినది, ఒక్క పేజీ అయినా సరే, అందరికీ చెప్పాలి. మూడోది, పుస్తకంలోంచి ఏ మాట తీసుకున్నా పుస్తకం పేరూ పేజీ నంబరూ చెప్పాలి. తప్పినవాళ్ళు భోజనాలయ్యాక అందరి గిన్నెలూ కడగాలి.

ఆ మూడో కట్టుబాటు ఊరికే పుట్టలేదట. ఒకాయన ప్రసంగాన్ని ఇంకొకాయన తనదిగా చెప్పుకుని, ఇద్దరూ మాటలు లేకుండా ఏడాది ఉన్నారట. అప్పుడు అయ్యగారు అన్నారట, "చేప ఎవరైనా తినొచ్చు. వల ఎవరిదో చెప్పి తినాల."

గిన్నెలు ఎక్కువసార్లు కడిగింది ఇస్రాయేలు గారు. లావుగా, నవ్వుతూ ఉండే పెద్ద వయసు పాస్టరు. "నేను కీర్తనల గ్రంథం చదివినానయ్యా, లెక్కలోకి రాదా?" అనేవారు.

"అది పోయిన నెల కూడా చెప్పినావు."

"మళ్ళీ చదివినా!"

"అయితే ఇంకా బాగా కడుగుతావు. పో."

నేను ఆ రోజుల్లో వంటింటి గడప దగ్గర కూర్చుని వినేదాన్ని. పాస్టరమ్మగారికి ఉల్లిపాయలు తరిగిస్తున్నానన్న నెపం ఒకటి ఉండేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు అయ్యగారి చూపు మందగించింది. నీటికాసులన్నాడు నెల్లూరు డాక్టరు. పోయిన చూపు ఇక రాదన్నాడు. మనుషుల ఆకారాలు తెలిసేవి, అక్షరాలు పోయాయి. పుస్తకాల గదిలో అల్మరాకు చెయ్యి ఆనించి నిలబడేవారు, అంతే. ఒకరోజు పాస్టరమ్మగారు మా అమ్మను అడిగారు, "సాయంత్రాలు పిల్లని ఒక గంట పంపిస్తావా వదినా? ఆయన అన్నం సరిగ్గా తినటం లేదు." అన్నానికీ పుస్తకానికీ సంబంధమేమిటో మా అమ్మకు అర్థం కాలేదు, కానీ పంపింది.

అలా నా నోరు తెరుచుకుంది. నలుగురి ముందు మాట రాని నేను ఆయన ముందు గంటసేపు చదవగలిగేదాన్ని. అవి నా మాటలు కావు కదా, భయం లేదు. ఆయన వరండాలో పేముకుర్చీలో, నేను గచ్చు మీద. నచ్చిన వాక్యం వస్తే కుడిచెయ్యి పైకి లేచేది. "ఆగమ్మా. మళ్ళీ చదువు." మళ్ళీ చదివేదాన్ని. "ఏ పేజీ?" చెప్పేదాన్ని. "గీత గియ్యి. నోట్‌బుక్కులో ఎక్కించు. పుస్తకం పేరు, పేజీ." ఆయన జేబులోని పెన్సిలు తీసి అంచున నిలువుగీత గీసేదాన్ని. నోట్‌బుక్కులో వాక్యం, కింద పుస్తకం పేరు, పేజీ. ప్రతిసారీ అదే మాట, అదే వరస.

ఆ ఏడు శీతాకాలంలో మేం చదివిన పుస్తకం చాలా పల్చనిది. అలసిపోయిన కాపరుల గురించి, అంటే పాస్టర్ల గురించి, ఎవరో రాసినది. చూపు ఉన్నప్పుడు ఆయన దాన్ని చాలాసార్లు చదివారట. మళ్ళీ కావాలన్నారు. నాకు మాత్రం నచ్చలేదు. మాటలన్నీ బరువుగా, ఎవరితో మాట్లాడుతున్నాయో తెలియకుండా ఉండేవి.

ఆ వారమే నేను డైరీలో ఒక సంగతి రాసుకున్నాను. మా వీధి చివర పోలమ్మవ్వ ఉండేది. ఆమెకు మిగిలింది ఒక్క కొడుకు. పడవలు వచ్చే వేళకు ఒడ్డంతా జనం, ఒక్కో పడవకు పెళ్ళాం పిల్లలూ అన్నదమ్ములూ అందరూ ఎదురెళ్ళేవారు. పోలమ్మవ్వ ఒక్కతే, తలమీద కొంగు కప్పుకుని, దూరంగా నిలబడేది. ఆమె కొడుకు పడవ కూడా మిగతా పడవల్లాగే, అంతే తొందరగా వచ్చేది. అది చూసి వచ్చి రాసుకున్నాను: "ఒడ్డు మీద ఎంతమంది నిలబడి ఉన్నారో పడవ లెక్కపెట్టదు. ఒక్కరున్నా ఒడ్డుకే వస్తుంది."

ఆ సాయంత్రం పుస్తకంలో ఒక అధ్యాయం అయిపోయింది. సంఘం చిన్నదైపోతే కాపరి ఏం చెయ్యాలన్నది ఆ అధ్యాయం. చివరి వాక్యం చప్పగా ఉంది. కింద సగం పేజీ ఖాళీ. చదవడం ఆపలేదు నేను. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ చెప్పలేను. ఖాళీ కాగితాన్ని చూస్తూ, నా డైరీలోని రెండు వాక్యాలను పుస్తకంలోవే అన్నట్టు చదివాను.

అయ్యగారి చెయ్యి లేచింది.

"ఆగమ్మా. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఈసారి నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

"ఏ పేజీ?"

అది అరవై నాలుగో పేజీ. ఆ అంకె చెబితే రేపెవరైనా తీసి చూస్తారని భయం. నోటికి ఏదొస్తే అది చెప్పాను. ఆ ఆదివారం చర్చిలో పాటల బోర్డు మీద ఉన్న అంకె.

"నూట పన్నెండు."

ఆయన ఎత్తిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. వీధిలో ఎవరో ఎండుచేపలమ్మా అని కేక వేసుకుంటూ పోయారు. తర్వాత మెల్లగా, "గీత గియ్యి. నోట్‌బుక్కులో ఎక్కించు. నూట పన్నెండు అని రాయి" అన్నారు. పుస్తకం పేరు రాయమనలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. ఖాళీ కాగితం పక్కన, ఏ అక్షరమూ లేనిచోట, అంచున నిలువుగీత గీశాను.

ఇంటికెళ్ళే ముందు పుస్తకాన్ని అల్మరాలో పెడుతూ చివరి పేజీ తిప్పాను. తొంభై ఆరు. ఆ పుస్తకంలో ఉన్నవి తొంభై ఆరు పేజీలే.

ఆ తర్వాతి సోమవారం కూడికకు ప్రకాశం అన్న ఆలస్యంగా వచ్చాడు. సరస్సు ఒడ్డున ఉన్న పాలెంలో పాస్టరు. అందరిలోకీ చిన్నవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. భోజనానికి కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యగారూ, వందనాలు. నేను చెప్పి పోదామని వచ్చినా. ఇదే నా ఆఖరి సోమవారం."

"ముందు కూర్చో నాయనా."

"కూర్చోనండీ. రొయ్యపిల్లల హేచరీలో పని దొరికింది. రేపటి నుంచి రమ్మన్నారు. నిన్న ఆరాధనకు ఎంతమంది వచ్చినారో చెప్పకూడదు గదా సోమవారం? చెప్తాను, ఏమనుకోవద్దు. ముగ్గురు. ముగ్గురూ ముసలోళ్ళు. వాళ్ళల్లో ఒకామెకు చెవులు వినపడవు. నేను ఎవురికి చెప్తా ఉండాను ప్రసంగం? గోడకా?"

ఎప్పుడూ నవ్వే ఇస్రాయేలు గారు చెయ్యి పళ్ళెంలో అలాగే ఉంచి తల దించుకున్నారు. ఇలాంటప్పుడు అయ్యగారు బైబిలు వాక్యం చెప్తారనీ, ప్రార్థన చేద్దాం అంటారనీ నేను అనుకున్నాను. ఆయన చేసింది అది కాదు. గొంతు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పి, నా రెండు వాక్యాలూ చెప్పారు. ఒక్క అక్షరం మార్చలేదు. "ఒడ్డు మీద ఎంతమంది నిలబడి ఉన్నారో పడవ లెక్కపెట్టదు. ఒక్కరున్నా ఒడ్డుకే వస్తుంది."

గడప దగ్గర నేను సగం తరిగిన ఉల్లిపాయను కత్తిపీట మీదే వదిలేశాను.

ప్రకాశం అన్న సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినవాడు, అతని నాన్న చేపలు పట్టేవాడు. ఆ మాట అతనికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆఖరికి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకున్నాడు. పాస్టరమ్మగారు ఏమీ అనకుండా అన్నం పెట్టి పులుసు పోశారు.

ఆ బరువు తగ్గించడానికే అనుకుంటాను, ఇస్రాయేలు గారు అందుకున్నారు. "అయ్యగారూ, మాట బాగుండాది. ఏ పుస్తకం? ఏ పేజీ?"

"చెప్పను."

"చెప్పరా? కట్టుబాటు పెట్టినోరే తప్పితే ఎట్టా? గిన్నెలు కడగాల్సిందే!"

"కడుగుతా" అన్నారు అయ్యగారు.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం భోజనాలయ్యాక నిజంగానే పంచె ఎగ్గట్టుకుని, గోడ తడుముకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళారు. పదిమంది పళ్ళేలు. వద్దన్న వాళ్ళందరినీ కసిరారు. నేను వెళ్ళి చేతిలోంచి పళ్ళెం లాక్కోబోయాను. ఇవ్వలేదు. చూపు లేని ఆ వేళ్ళు పళ్ళెం అంచు చుట్టూ పులుసు జిడ్డును వెతుక్కుంటూ తిరగడం చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది.

"ఇటివ్వండి అయ్యగారూ, నేను..."

"ఇది నా వంతమ్మా. నువ్వు కావాలంటే నీళ్ళు పొయ్యి."

నీళ్ళు పోశాను. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు అనుకున్నాను. లోపల అన్నం తిని కూర్చున్న మనిషి, ఏదో పుస్తకం రాసిన పెద్దాయన మాట అనుకుని నిలబడ్డాడు. అది కుట్టుమిషనమ్మ కూతురు డైరీలో గీకిన మాటని తెలిస్తే లేచి వెళ్ళిపోతాడు.

ప్రకాశం అన్న హేచరీ పనికి పోలేదు. రెండు నెలల తర్వాత సంబరంగా వచ్చి, చర్చి గుమ్మం మీద ఆ మాట రాయించానన్నాడు. "కింద పేరు రాయడానికి జాగా వదిలినానండీ. రాసినాయన పేరు చెప్పండి" అన్నాడు.

"జాగా అట్టానే ఉండనీ" అన్నారు అయ్యగారు.

ఆ తర్వాత రెండేళ్ళపాటు అతను వచ్చినప్పుడల్లా అడిగేవాడు. అడిగినప్పుడల్లా నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. డైరీలో ఆ సంగతి రాయడానికి కూడా భయపడి, ఆ రెండు వాక్యాలు రాసుకున్న పేజీలను కూడా ఒకదానికొకటి అంటించేశాను. ఒకసారి క్రిస్మస్‌కు వాళ్ళ చర్చికి వెళ్ళాం. లోపల ఏడుగురో ఎనిమిదిమందో ఉన్నారు. చెవులు వినపడని ఆ ముసలామె ముందు వరసలో కూర్చుని, ప్రకాశం అన్న పెదాల వంకే చూస్తోంది. నేను గుమ్మం కింద నుంచి పోవలసివచ్చి, తల ఎత్తకుండా పోయాను.

డిగ్రీ అయ్యాక నాకు వెంకటాచలంలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి అయ్యగారు మంచం పట్టారు. సోమవారాలు మాత్రం ఆగలేదు, మంచం చుట్టూ చాపలు వేసుకుని కూర్చునేవారు. ఇస్రాయేలు గారు ఇంకా గిన్నెలు కడుగుతూనే ఉన్నారు.

అయ్యగారు పోయి ఏడాది అవుతోంది. ఆయన పుస్తకాలను పాస్టరమ్మగారు సోమవారంవాళ్ళకు పంచారు. ఎవరికి ఏది ఇవ్వాలో అయ్యగారు ముందే చెప్పి పెట్టారట. నాకు ఇవ్వమన్నది ఈ పల్చని పుస్తకం ఒక్కటే. దీన్ని ఎండలో పెట్టి అరవై నాలుగో పేజీ తీస్తే, ఏ మాటా లేని కాగితం పక్కన నా పెన్సిలు గీత అలాగే ఉంది. గట్టిగా నొక్కి గీశాను కాబోలు, వెనకవైపుకు కూడా దిగింది.

డైరీలో అంటించిన పేజీలను నిన్న తడిచేసి విడదీశాను. అక్కడక్కడ సిరా అలుక్కుపోయింది గానీ చదవడానికి వస్తోంది. రేపు సోమవారం కూడిక. అయ్యగారు పోయినా అది పాస్టరమ్మగారి ఇంట్లో ఇంకా జరుగుతూనే ఉంది. బడికి సెలవు పెట్టాను. ఇప్పుడు రాస్తున్న ఈ కాగితాలూ, ఈ పుస్తకమూ, డైరీ తీసుకుని వెళ్తాను. ముందు ప్రకాశం అన్న చేతికి ఇస్తాను. చదివాక ఆయన ఆ గుమ్మం మీద సున్నం కొట్టించినా నేను ఏమీ అనను. ఏం చేసినా ఆ రోజు గిన్నెలు నేనే కడుగుతాను. ఆ వంతు ఎప్పటినుంచో నాది.

చెప్పాల్సింది ఇంకొక్కటి ఉంది. ఉద్యోగానికి బయలుదేరే రోజు అయ్యగారికి వందనాలు చెప్పడానికి వెళ్ళాను. చివరిసారి అని అప్పుడు తెలియదు. మంచం పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఆయన చెయ్యి పట్టుకోగానే పోయాయి.

"అయ్యగారూ... ఆ రోజు మీరు గిన్నెలు కడిగినారే..."

"ఊఁ."

"ఆ మాట..."

ఆయన నవ్వారు. "ఆ పుస్తకం నేను ఎన్నిసార్లు చదివినానో తెలుసా నీకు? తొంభై ఆరు పేజీలు. కళ్ళు పోయినాయి గానీ లెక్క పోలేదమ్మా."

నాకు భూమిలోకి పోతే బాగుండు అనిపించింది. "మరి ఎవురికీ చెప్పలేదేందండీ?"

"నీ మాట నేను చెప్తే అది నా మాట అయిపోతాది. ఇంకొకరి మాట మనదని చెప్పుకోవడం దొంగతనం. మన మాట ఇంకొకరి పుస్తకంలో దాచిపెట్టడం కూడా అట్టాంటిదే. ప్రకాశానికి నువ్వే చెప్పాల. ఎప్పుడు చెప్తావో నీ ఇష్టం."

"ఆయన వెళ్ళిపోతాడేమోనండీ."

"పడవని నమ్మి ఉండాడు వాడు. పడవ ఎవరు చూపిస్తే ఏం?"

బయట ఆటో వాడు హారన్ కొట్టాడు. బస్సుకు టైమవుతోందని మా అమ్మ పిలిచింది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను. వెనక నుంచి ఆయన పిలిచారు. తిరిగి చూశాను. కుడిచెయ్యి కొంచెం పైకి లేచి ఉంది, నచ్చిన వాక్యం దగ్గర లేచినట్టు.

"నూట పన్నెండో పేజీ అయితే విన్నా. తొంభై ఏడు కాడినుంచి నూట పదకొండు దాకా నువ్వింకా వినిపించలేదే, తల్లీ."